డాలెక్: పేరు ఎక్కడిది?

1963 డిసెంబరులో బీబీసీ ధారావాహిక 'డాక్టర్ హూ'లో డాలెక్‌లు తొలిసారి కనిపించాయి. స్కారో గ్రహపు జాతి. లోపల ముడుచుకున్న జీవి, చుట్టూ లోహకవచం, చేతికి బదులు సింకులో అడ్డు తీసే రబ్బరు పంపు!

విజ్ఞాన సర్వస్వం సంపుటి వీపు మీద 'డాల్–లెక్' అని చూసి ఈ పేరు పెట్టానని రచయిత టెర్రీ నేషన్ విలేకరులకు చెప్పారు. అలాంటి సంపుటే లేదు. అది కట్టుకథేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. సెర్బియన్‌లో 'దాలెక్' అంటే దూరమైనదని అర్థం. ఎంత చక్కని కాకతాళీయం!



పేరు తెర దాటి వాడుకలోకి వచ్చింది. 1993లో ఎడిన్‌బరోలో నాటకకర్త డెన్నిస్ పాటర్ బీబీసీ అధిపతినే డాలెక్ అన్నారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఈ మాటకు చోటు దక్కింది.