ఒక నిల్వ - పలు పొయ్యిలు: పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల ఇంధన చరిత్రలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒకే ఇంధన నిల్వ నుంచి అనేక పరికరాలకు వేడిని అందించే పద్ధతి వంటగ్యాసుతో మొదలైనది కాదు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాలను ఆధారంగా చేసుకొని గాడిపొయ్యి, జీడి కర్మాగారపు బాయిలరు, గ్యాసు సిలిండరు, ఉమ్మడి గ్యాసు ట్యాంకు అనే నాలుగు ఏర్పాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి ఏర్పాటులోనూ ఖర్చు, పొగ, ప్రమాదం ఎవరి వంతుకు వచ్చాయన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ఉద్దానం, పలాస, జీడి పరిశ్రమ, వంటచెరకు, ఎల్‌పీజీ, దీపం పథకం, ఇంధన చరిత్ర.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో విస్తరించిన తోటల నేలను ఉద్దానం అంటారు. 'ఉద్యానం' అన్న మాటే ఉద్దానంగా మారిందని ప్రసిద్ధి. కొబ్బరి, జీడిమామిడి ఇక్కడి జీవనాధారాలు. ఈ తోటలు పంటతో పాటు పొయ్యికి కావలసినదంతా ఇచ్చాయి. కొబ్బరి మట్టలు, డొక్కలు, తాటి కమ్మలు, జీడిమామిడి కొమ్మలు, సరుగుడు పుల్లలు డబ్బు పెట్టి కొనవలసిన అవసరం లేని వంటచెరకు. అందువల్ల ఇక్కడ కొత్త ఇంధనం రాకను పాత ఇంధనం నిష్క్రమణగా లెక్కించడం సరికాదు. నిల్వ ఎక్కడ ఉంది, దాని నుంచి ఎన్ని పొయ్యిలు వెలిగాయి, ఆ నిల్వకు బాధ్యులెవరు అనే కోణంలో చూసినప్పుడే ఈ ప్రాంతపు ఇంధన చరిత్ర స్పష్టమవుతుంది.

2. గాడిపొయ్యి: ఉమ్మడి మంట

ఇంటి పొయ్యి ఒక కుండకో రెండు కుండలకో సరిపోతుంది. పెళ్ళిళ్ళకు, ఊరి సంతర్పణలకు తెలుగునాట గాడిపొయ్యి తవ్వడం పరిపాటి. నేలలో పొడవుగా గాడి తీసి, లోపల కట్టెలు పేర్చి, పైన వరుసగా గుండిగలు ఎక్కిస్తారు. మంట ఒకటే, పాత్రలు అనేకం. అన్నానికి పెద్ద మంట, పులుసుకు నిదానమైన సెగ కావాలి. ఈ తేడాను వంటవారు కట్టెలను ముందుకు తోయడం, వెనక్కి లాగడం ద్వారా సాధిస్తారు. నేటి గ్యాసు ఏర్పాటులో రెగ్యులేటరు, కవాటాలు చేసే పని ఇక్కడ మనిషి చేతిలో ఉంది. కట్టెలు సమకూర్చే భారం శుభకార్యం తలపెట్టినవారిది, పొగ వంటవారిది. అయితే అది ఒకటి రెండు రోజుల ముచ్చట.

3. జీడి కర్మాగారం: పెంకే ఇంధనం

ఏడాది పొడవునా సాగే ఉమ్మడి మంట జీడి పరిశ్రమతో వచ్చింది. జీడిమామిడిని పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు భారత పశ్చిమ తీరానికి తెచ్చారు. తూర్పు తీరపు ఇసుక నేలలకూ అది బాగా ఒదిగింది. పలాస-కాశీబుగ్గ జంట పట్టణం కాలక్రమంలో రెండు వందలకు పైగా జీడి కర్మాగారాలున్న కేంద్రంగా ఎదిగింది.

జీడి పిక్క పెంకులో చర్మాన్ని పొక్కించే ఘాటైన నూనె ఉంటుంది. పిక్కను ముందుగా వేడికి గురిచేయనిదే పెంకు పగలగొట్టడం కష్టం. డ్రమ్ము పద్ధతిలో పిక్కలను తిరుగుతున్న కాలే డ్రమ్ములో వేస్తారు. పెంకులోని నూనె బయటకు వచ్చి తానే అంటుకుంటుంది. ఇంధనం ఆదా అవుతుంది గానీ, కళ్ళనూ గొంతునూ మండించే దట్టమైన పొగ వెలువడుతుంది. ఆవిరి పద్ధతిలో బాయిలరు నుంచి వచ్చే ఆవిరితో పిక్కలను ఉడికించి, చల్లారిన తరువాత కోత యంత్రాలపై పెంకు తీస్తారు. ఆపై పప్పును బోర్మా అనే ఆరబెట్టే గదిలో సుమారు 60-70 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచితే పైపొర ఒలవడానికి వీలవుతుంది.

సాంకేతిక చరిత్ర దృష్ట్యా బాయిలరు ముఖ్యమైన మలుపు. పిక్క బరువులో అధికభాగం పెంకే కాబట్టి పరిశ్రమ వ్యర్థమే దాని ఇంధనమైంది. ఒకే బాయిలరు ఆవిరిని గొట్టాల ద్వారా ఉడికించే పాత్రకూ, ఏర్పాటున్న చోట బోర్మాకూ పంపవచ్చు. మంట ఒకచోట, వేడి వినియోగం మరోచోట. గ్యాసు ట్యాంకు వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. అయితే ఒలుపు, గ్రేడింగు పనుల్లో అధిక సంఖ్యలో ఉన్న మహిళలు కర్మాగారంలో ఈ ఏర్పాటు మధ్య పనిచేసి, ఇంటికి వెళ్ళి మళ్ళీ కట్టెల పొయ్యి ముందే కూర్చున్నారు. పరిశ్రమలో మంట వేరై, వేడి గొట్టాల్లోకి వెళ్ళింది గానీ ఇంట్లో మంటా మనిషీ ఒకే చోట ఉండిపోయాయి.

4. సిలిండరు రాక: దీపం నుంచి దీపం-2 వరకు

భారతదేశంలో వంటగ్యాసు విక్రయం 1950ల మధ్యలో బొంబాయిలో మొదలైంది. ఇండియన్ ఆయిల్ సంస్థ 1965లో కలకత్తాలో ఇండేన్ కనెక్షన్లకు శ్రీకారం చుట్టింది. చాలాకాలం వంటగ్యాసు పట్టణ మధ్యతరగతి వస్తువుగానే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రారంభించిన దీపం పథకం స్వయం సహాయక బృందాల మహిళలకు కనెక్షన్ ధరావతు భారాన్ని తాను భరించి ఈ పరిధిని దాటించింది. 2016 మే 1న కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల యోజన కూడా కనెక్షన్‌పైనే దృష్టి పెట్టింది.

కనెక్షన్ ఒక్కసారి అయ్యే ఖర్చు. సిలిండరు నింపించుకోవడం పదేపదే వచ్చే ఖర్చు. పెరట్లో కొబ్బరి మట్టలు ఉచితంగా దొరికే చోట ఈ రెండో ఖర్చు నిర్ణాయకమవుతుంది. ఉద్దానం ఇళ్ళలో గ్యాసు పొయ్యి పక్కనే కట్టెల పొయ్యి కొనసాగడానికి ఇదొక బలమైన కారణం. టీకి, చుట్టాలొచ్చిన పూటకు గ్యాసు, స్నానాల నీళ్ళకు, పెద్ద వంటకు కట్టెలు అనే విభజన పల్లెల్లో సర్వసాధారణం. 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ముఖ్యమంత్రి ప్రారంభించిన దీపం-2 పథకం ఏడాదికి మూడు సిలిండర్లను ఉచితం చేసింది. ధరావతు చెల్లింపు నుంచి ఇంధనపు చెల్లింపుకు ప్రభుత్వ విధానం రావడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ మార్పు ఉద్దానం గడ్డపైనే ప్రకటితం కావడం ఈ పరిశీలనకు సంబంధించిన విశేషం.

5. ఉమ్మడి ట్యాంకు: సూత్రం, నియమం

14.2 కిలోల సిలిండరు ఒక ఇంటికి ఉద్దేశించినది. వసతిగృహాలు, హోటళ్ళు, కల్యాణమండపాల వంటశాలల్లో అనేక పొయ్యిలు ఒకేసారి వెలగాలి. అక్కడ గ్యాసు బ్యాంకు, అంతకన్నా పెద్ద అవసరానికి స్థిరమైన ట్యాంకు ప్రవేశిస్తాయి.

ఎల్‌పీజీ పీడనంలో ద్రవంగా ఉంటుంది. బయటకు వచ్చినప్పుడు సుమారు 250 రెట్ల పరిమాణం గల వాయువవుతుంది. ఒక కిలో ద్రవం ఆవిరి కావడానికి దాదాపు 90 కిలోకేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది తన పాత్ర నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి గ్రహిస్తుంది. చిన్న సిలిండరుపై ఎక్కువ పొయ్యిలు పెడితే ద్రవం చల్లబడి, పీడనం తగ్గి, మంటలు నీరసిస్తాయి. సిలిండరు చుట్టూ తేమ, ఒక్కోసారి మంచు పేరుకోవడం ఇందుకు గుర్తు. పెద్ద ట్యాంకుకు ఉపరితలం ఎక్కువ కనుక ఆ వేడిని తట్టుకోగలదు. చాలని చోట వేపరైజరు అమరుస్తారు. ట్యాంకు వద్ద ఒకసారి, పరికరం వద్ద మరోసారి పీడనాన్ని తగ్గిస్తే ఒక పొయ్యి వెలిగించినప్పుడు మరొకటి ఊగిసలాడదు. ప్రతి పరికరానికీ వేరు కవాటం ఉండాలి. గొట్టం వెడల్పును అన్ని పరికరాల మొత్తం వాడకాన్ని బట్టి నిర్ణయించాలి.

ఈ రెండు ఏర్పాట్లకు మధ్య చట్టం స్పష్టమైన గీత గీసింది. గ్యాసు సిలిండర్ల నిబంధనలు లైసెన్సు లేకుండా 100 కిలోల వరకే ఎల్‌పీజీ నిల్వను అనుమతిస్తాయి. అంటే 19 కిలోల వాణిజ్య సిలిండర్లు ఐదింటితో ఆ హద్దు దాదాపు నిండుతుంది. వెయ్యి లీటర్ల నీటి సామర్థ్యం మించిన పీడన పాత్రలు 1981లో వచ్చి, 2016లో నవీకరించబడిన వేరే నిబంధనల కిందికి వస్తాయి.

6. నిల్వ కేంద్రీకరణ: రెండు అనుభవాలు

ఉత్తరాంధ్రకు వంటగ్యాసు చేరే దారిలో విశాఖపట్నం రేవు, శుద్ధి కర్మాగారం ప్రధాన స్థానాలు. 1997 సెప్టెంబరు 14న అక్కడి హిందుస్థాన్ పెట్రోలియం కర్మాగారంలో ఎల్‌పీజీ కారి అంటుకున్న ప్రమాదంలో యాభై మందికి పైగా మరణించారు. గాలికన్నా బరువైన ఈ వాయువు పైకి పోక నేలను అంటుకొని పాకుతుందన్న సత్యాన్ని ఆ ప్రమాదం నిరూపించింది. తరువాతి దశాబ్దంలో విశాఖలోనే 60,000 టన్నుల సామర్థ్యంతో భూగర్భ శిలాగుహ నిల్వ అందుబాటులోకి వచ్చింది.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను దీనికి మరో వైపు చూపింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు రోజుల తరబడి లేక నీటి మోటార్లు ఆగిపోయాయి. ఒకే తీగపై, ఒకే గొట్టంపై ఆధారపడిన సేవలన్నీ ఒకేసారి నిలిచిపోతాయి. విడి సిలిండరు, పెరటి కట్టెపుల్ల మాత్రం అటువంటి వేళ ఎవరికి వారే వాడుకోగల నిల్వలు. అందుచేత ఉమ్మడి నిల్వ సామర్థ్యాన్ని పెంచే మాట ఎంత నిజమో, ప్రమాదాన్నీ లోపాన్నీ ఒకచోటికి చేర్చే మాటా అంతే నిజం.

7. ముగింపు

గాడిపొయ్యిలో నిల్వ కార్యం చేసేవారిది, బాయిలరులో యజమానిది, సిలిండరులో చమురు సంస్థది, ఉమ్మడి ట్యాంకులో లైసెన్సు పొందిన సంస్థది. వేడి అవసరమైన మనిషి మాత్రం ఎక్కువ సందర్భాలలో మహిళే. పలాస ప్రాంతపు చరిత్ర చూపేదేమంటే, ఒక నిల్వ నుంచి అనేక పొయ్యిలు వెలిగించే విద్య ఇక్కడికి కొత్త కాదు. ఆ విద్య కర్మాగారం నుంచి ఇంటికి చేరడంలో జరిగిన ఆలస్యానికి కారణం సాంకేతిక లోపం కన్నా ఖర్చు పంపకమే. ఈ ప్రాంతంలో వసతిగృహాలకో, కొత్త నివాస సముదాయాలకో ఉమ్మడి ట్యాంకులు ప్రతిపాదించేవారు గొట్టాల కొలతలతో పాటు మూడు విషయాలను ముందే తేల్చుకోవలసి ఉంటుంది: నింపే ఖర్చు ఎవరిది, కవాటం మూసే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, తుఫాను రాత్రి ప్రత్యామ్నాయం ఏమిటి. జీడి కార్మికుల ఇళ్ళలో ఇంధన వాడకం, పొగ ప్రభావాలపై క్షేత్ర పరిశోధన జరిగితే ఈ చర్చకు గట్టి పునాది ఏర్పడుతుంది.