అనాథాలయంలో పుట్టిన సంగీత కళాశాల

పాశ్చాత్య దేశాలలో సంగీతము, నాటకము, నృత్యము ప్రత్యేకంగా నేర్పే ఉన్నత కళాశాలను కన్సర్వేటరీ అంటారు. పారిస్‌లో ఉన్నదీ కన్సర్వేటరీయే, మిలాన్‌లో ఉన్నదీ, మాస్కోలో ఉన్నదీ కన్సర్వేటరీయే. మన సంఘాలలో పియానో, వయొలిన్ పరీక్షలకు కూర్చునే పిల్లలకు ఈ మాట కొత్త కాదు. అయితే ఈ మాటకు మొదట సంగీతంతో ఏ సంబంధమూ లేదన్న సంగతి ఎక్కువ మందికి తెలియదు. ఇటలీ భాషలో 'కన్సర్వాతోరియో' అనగా కాపాడే చోటు. తల్లిదండ్రులు లేని పిల్లలను, వీధుల పాలైన పిల్లలను చేరదీసి పెంచే ఇంటికి ఆ పేరు ఉండేది. మన భాషలో చెప్పాలంటే అనాథ శరణాలయం.

శరణాలయం సంగీత కళాశాలగా ఎలా మారింది? మారిన తరువాత, శరణు కోరి వచ్చిన పిల్లవాని గతి ఏమైంది? ఈ రెండు ప్రశ్నలకు చరిత్ర ఇచ్చే జవాబును ఈ శతాబ్ది సంచిక పాఠకుల ముందు ఉంచాలని మా అభిలాష. ఆ ఇండ్లను నడిపినవారు మనవంటి సంఘస్థులు, మన గురువులవంటి గురువులు. వారు చేసిన మేలు మనకు ఆదర్శం. వారు చేసిన కీడు మనకు హెచ్చరిక.

నేపుల్స్ నగరంలో నాలుగు ఇండ్లు

16వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలోని నేపుల్స్ పట్టణం స్పెయిను రాజుల ఏలుబడిలో ఉండేది. జనంతో కిక్కిరిసిన ఆ రేవు పట్టణంలో దిక్కులేని పిల్లలకు కొదువ లేదు. వారి కోసం 1537లో శాంతా మారియా ది లొరేతో అనే ఇల్లు వెలిసింది. 1578లో శాంత్ ఒనోఫ్రియో, 1583లో పియెతా దేయి తుర్కీని, 1589లో పోవెరి ది జెజూ క్రీస్తో అనే మరి మూడు ఇండ్లు వచ్చాయి. తుర్కీని అనే పేరు ఆ పిల్లలు తొడుక్కునే నీలిరంగు అంగీలను బట్టి వచ్చింది. నాలుగవ ఇంటి పేరుకు అర్థం 'యేసుక్రీస్తు పేదలు' అని. దానిని స్థాపించిన మర్చెల్లో ఫొస్సతారో ధనవంతుడు కాడు. ఫ్రాన్సిస్కను సభను ఆశ్రయించిన భక్తుడు. దాతల ఇండ్లకు తిరిగి భిక్షమెత్తి ఆ పిల్లలను సాకినవాడు.

మొదట్లో ఈ ఇండ్లలో పిల్లలకు అక్షరాలు, వేదపాఠము, బ్రతుకు తెరువుకు ఏదో ఒక చేతిపని నేర్పేవారు. ఆరాధనకు అవసరమైనంత పాట కూడా నేర్పేవారు. నేపుల్స్‌లో ఆలయాలు లెక్కకు మిక్కిలి. ప్రతి పండుగకు, ప్రతి ఊరేగింపుకు, ప్రతి శవసంస్కారానికి పాడేవారు కావాలి. పిల్లలను పంపితే ఆలయాలవారు, గృహస్థులు ఇంటికి కట్నం ఇచ్చేవారు. చిన్నపిల్లలు చనిపోయినప్పుడు ఈ అనాథ బాలురు దేవదూతల వేషం వేసుకొని శవపేటిక ముందు పాడుతూ నడిచేవారు. దానాల మీద మాత్రమే నడవలేని ఇండ్లకు పాట ఆదాయమైంది. 17వ శతాబ్దం వచ్చేసరికి చేతిపనులు వెనుకబడి, జీతమిచ్చి పెట్టుకున్న సంగీత ఉపాధ్యాయులు ముందుకు వచ్చారు. ఈ విధంగా అనాథలకు అన్నం పెట్టడానికి ఎంచుకున్న మార్గం ఐరోపాలోనే గొప్ప సంగీత విద్యగా పరిణమించింది.

ఆ విద్య ఎలా సాగేదో 1770లో ఇంగ్లాండు నుండి వచ్చిన సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ కళ్ళారా చూచి వ్రాశాడు. శాంత్ ఒనోఫ్రియోలో ముప్పై, నలభై మంది బాలురు ఒకే గదిలో సాధన చేస్తున్నారు. నేటి పియానోకు పూర్వం వాడిన హార్ప్సికార్డులు ఏడెనిమిది, అంతకు మించి వయొలిన్లు, వాటితో పాటు గొంతులు. అన్నీ ఒకేసారి, ఎవరి పాఠం వారిది, ఎవరి శ్రుతి వారిది. మెట్ల మీద ఒకడు బాకా ఊదుతున్నాడు. పడుకునే మంచాలే హార్ప్సికార్డు ముందు కూర్చునే పీటలు. చలికాలంలో తెల్లవారడానికి రెండు గంటల ముందే లేచి, భోజనానికి గంటన్నర విడిచి, రాత్రి ఎనిమిది వరకు సాధనే. చిన్నతనంలో చేర్చుకున్న పిల్లవాడు ఎనిమిదేండ్లు అక్కడ ఉండడానికి కట్టుబడి ఉండాలి.

పెద్ద ఉపాధ్యాయులు కొద్దిమందే. కనుక వారి దగ్గర నేర్చుకున్న పెద్ద విద్యార్థులే చిన్నవారికి పాఠం చెప్పేవారు. మంద్రస్వరాల వరుస ఒకటి వ్రాసి ఇచ్చి, దాని మీద మిగిలిన సంగీతమంతా అప్పటికప్పుడు వాయించుమనేవారు. దీనిని పార్తిమెంతో అనేవారు. మన గురువులు ఒక రాగం ఇచ్చి కల్పనస్వరం వేయుమనడం తెలిసినవారికి ఈ పద్ధతి బోధపడుతుంది. పుస్తకం కొనలేని పిల్లవానికి చెవి, చేతివేళ్ళు పుస్తకమయ్యాయి.

ఫలితం లోకమంతా ఎరిగినదే. తాపీ పనివాని కుమారుడైన దొమెనికో చిమరోజా చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. తల్లి బట్టలుతికి బ్రతికేది. ఆ బాలుడు లొరేతో ఇంట చదువుకొని, యూరప్ రాజాస్థానాలు పిలిచి గౌరవించిన సంగీత నాటకకర్త అయ్యాడు. యేసుక్రీస్తు పేదల ఇంట చదివిన పెర్గొలేసి 1736లో 26 ఏండ్లకే కన్నుమూసినా, సిలువ చెంత నిలిచిన తల్లి మరియను గూర్చిన ఆయన స్వరరచనను నేటికీ శ్రమల కాలంలో పాడుతున్నారు. నాటక విద్య కూడా అక్కడిదే. ఈ ఇండ్ల విద్యార్థులు భక్తుల జీవితాలను పాటలతో నాటకాలుగా ఆడేవారు. పెర్గొలేసి 1731లో పరిశుద్ధ విలియం కథను అట్టి నాటకంగా కూర్చాడు. ఆనాటికి ఆయన ఇంకా విద్యార్థి దశ దాటుతున్నవాడే.

తెర వెనుక పాడిన బాలికలు

ఉత్తర ఇటలీలోని వెనిస్‌లో ఇదే పని బాలికల విషయంలో జరిగింది. అక్కడ ఇట్టి ఇండ్లను ఓస్పెదాలె అనేవారు. నాలుగింటిలో ప్రాచీనమైనది 1346లో ఒక ఫ్రాన్సిస్కను సన్యాసి ప్రారంభించిన పియెతా. గోడలో ఒక గూడు ఉండేది. పెంచుకోలేని పసికందును రాత్రివేళ అందులో ఉంచి వెళ్ళేవారు. ఆ పిల్లలలో స్వరజ్ఞానం గల బాలికలను ఎంచి గాయక బృందంగా తీర్చిదిద్దేవారు.

1703లో గురుపట్టం పొందిన ఆంతోనియో వివాల్డి ఆ ఏడే ఇక్కడ వయొలిన్ ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆయన ఉద్యోగం కమిటీవారి ఓట్లపై ఆధారపడి ఉండేది. 1709లో ఒక్క ఓటు తేడాతో ఆ ఉద్యోగం పోయింది. 1711లో వారే తిరిగి పిలుచుకున్నారు. కమిటీల సంగతి తెలిసిన మన సంఘస్థులకు ఇది వింతగా తోచదు. ప్రపంచ ప్రసిద్ధమైన ఆయన రచనలు ఎన్నో ఈ అనాథ బాలికలు వాయించడానికి వ్రాసినవే. వారిలో ఒకామె పేరు ఆన్నా మరియా. ఇంటిపేరు లేని ఆమెను వాద్యాన్ని బట్టి 'వయొలిన్ ఆన్నా మరియా' అని పిలిచేవారు. ఆమె వాదనకు తగినట్లు వివాల్డి ప్రత్యేకంగా కచేరీ రచనలు చేశాడు.

అయినా ఆ బాలికలు ఇనుప జాలీ వెనుక నిలిచి పాడవలసిందే. రాజులు, రాయబారులు వచ్చి విని ఆనందించేవారు గాని, పాడినవారి ముఖం చూచినవారు లేరు. 1743, 1744 సంవత్సరాలలో వెనిస్‌లో ఉన్న ఫ్రెంచి రచయిత రూసో, ఆ గొంతులను విని దేవకన్యలను ఊహించుకొని, ఒకనాడు వారిని కలిసే అవకాశం దొరికితే మశూచి మచ్చలు గల ముఖాలను, ఒక కన్ను పోయిన పిల్లను చూచి విస్తుపోయాడు. తరువాత వారి మంచితనానికి ముగ్ధుడయ్యాడు. వివాహం చేసుకొని బయటికి వెళ్ళదలచిన బాలికకు ఆ ఇల్లు కట్నం ఇచ్చేది, కాని ఇకపై బహిరంగంగా పాడనని, వాయించనని మాట తీసుకునేది. నేర్పిన చేయే ఆ విద్యకు తాళం వేసింది.

నృత్యం కూడా ఆ గూటిదే

నృత్య విద్య చరిత్ర కూడా ఇట్టిదే. రష్యాలో 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటి బ్యాలే పాఠశాల తెరచినప్పుడు చేర్చుకున్నది రాజభవనపు పనివారి పిల్లలను. మాస్కోలో 1773లో నృత్య తరగతులు ప్రారంభమైనది నగర అనాథాలయంలో. నేటి సుప్రసిద్ధ బొల్షాయ్ బ్యాలే పాఠశాల తన వంశవృక్షాన్ని ఆ అనాథాలయం వరకు చెప్పుకుంటుంది.

మరువరాని కీడు

ఇంతవరకు చెప్పి ఊరకుంటే చరిత్రకు అన్యాయం చేసినవారమవుతాము. ఆ కాలంలో ఆలయాలలో స్త్రీలు పాడరాదన్న ఆచారం ఉండేది. ఉన్నత స్థాయి స్వరాలు కావాలి, కనుక కొందరు బాలుర గొంతు మారకుండా చిన్నతనంలోనే వారి పురుషత్వాన్ని శస్త్రంతో తీసివేసేవారు. చట్టం దీనిని నిషేధించింది. ఎవరిని అడిగినా తమ ఊరిలో జరగదనేవారు. అయినా అట్టి బాలురు ఈ ఇండ్లలో ఉండేవారు. బర్నీ చూచినప్పుడు శాంత్ ఒనోఫ్రియోలో పదహారు మంది ఉన్నారు. జలుబు చేస్తే గొంతు చెడుతుందని వారిని వెచ్చని గదులలో వేరుగా ఉంచారు. ఆ గొంతులను అంత జాగ్రత్తగా కాపాడినవారు ఆ బిడ్డలను కాపాడలేదు. ఆలయాలలో ఉన్నత స్వరాలు బాలురే పాడాలని పోపు పదవ పయస్ 1903లో ఆజ్ఞాపించే వరకు ఈ ఆచారపు ఛాయలు పోలేదు.

రెండవ కీడు మెల్లగా వచ్చింది. పాఠశాలల పేరు పెరిగినకొద్దీ రుసుము చెల్లించి చదువుకునే విద్యార్థులు చేరసాగారు. ఇంటి ఖర్చుకు వారి డబ్బు కావాలి. దిక్కులేని పిల్లలకోసం కట్టిన ఇంట దిక్కున్న పిల్లలకు చోటు పెరిగింది. 1743లో యేసుక్రీస్తు పేదల ఇంటిని మూసివేసి నేపుల్స్ ఆర్చిబిషప్పు దానిని గురువుల శిక్షణాలయంగా మార్చాడు. 1797లో లొరేతో, శాంత్ ఒనోఫ్రియో ఒకటైనాయి. 1807లో అంతా కలిసి ఒకే రాజ సంగీత కళాశాల అయింది. 1826లో అది శాన్ పియెత్రో ఆ మయెల్లా అనే మఠ భవనానికి చేరింది. ఆ కళాశాల అక్కడే నేటికీ ఉన్నది.

ఇంతలో ఫ్రాన్సులో విప్లవం వచ్చి, 1795లో ప్రభుత్వమే పారిస్ కన్సర్వేటరీని స్థాపించింది. పేరు నేపుల్స్‌ది, నియమం కొత్తది. ప్రవేశం కోరినవాడు ముందు తన ప్రతిభను పరీక్షలో చూపాలి. లండనులో 1822లో, లైప్సిగ్‌లో 1843లో వెలిసిన సంగీత విద్యాలయాలు కూడా ఈ కొత్త తోవనే నడిచాయి. ఈ పద్ధతి వలన కళకు ఎనలేని మేలు జరిగింది. అయితే 'ఈ బిడ్డకు కూడు ఎవరు పెడతారు?' అన్న పాత ఇంటి మొదటి ప్రశ్న, 'ఈ బిడ్డ ఎంత బాగా పాడగలడు?' అన్న ప్రశ్న వెనుకకు వెళ్ళింది.

మన విజయనగరం

తెలుగునాట ఆ పాత ప్రశ్న వినబడిన చోటు ఒకటి ఉన్నది. విజయనగర సంస్థానంలో ఉద్యోగి ఒకరికి చూపులేని కుమారుడు ఉండేవాడట. ఆ బాలునికి సంగీతం నేర్పించాలన్న కోరికే 1919లో విజయరామ గజపతి మహారాజు సంగీత పాఠశాల స్థాపించడానికి కారణమని అక్కడివారు చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు ఉపాధ్యాయులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు. ఆయనకు కూడా చూపు మందమే. గాయకుడు ఘంటసాల చేతిలో కాసు లేక ఆ ఊరు చేరి, జోలె పట్టి ఇంటింటా మధుకరం తెచ్చుకొని తింటూ చదువు సాగించాడు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఆదరించి విద్య నేర్పారు. జోలెలో అన్నం వేసిన విజయనగరం తల్లులు ఎవరూ సంగీతం నేర్పలేదు. అయినా ఆ గానంలో వారికి భాగం ఉన్నది.

ఈ చరిత్ర నుండి మన సంఘాలు గ్రహించదగినవి మాకు మూడు కనిపిస్తున్నవి. మొదటిది, సంగీతం పేదబిడ్డకు విలాసం కాదు, బ్రతుకుతెరువు కాగలదు. రెండవది, బిడ్డ పాట వలన మనకు పేరు, ఆదాయం రాసాగినప్పుడే మనం జాగ్రత్తపడాలి. నేపుల్స్ ఇండ్లు తప్పిన మలుపు అదే. మూడవది, పాడినవారిని జాలీ వెనుక దాచిపెట్టరాదు. వారి పేరు చెప్పాలి, పెద్దయ్యాక వారి విద్యను వారికే వదలాలి.

శతాబ్ది జ్ఞాపకంగా సంగీత పాఠశాల పెట్టాలన్న మాట మన పాస్టరేట్లలో ఎక్కడైనా వస్తే, మొదటి స్థానాలు హాస్టలు పిల్లలకు, తండ్రిలేని పిల్లలకు ఉంచాలని మా మనవి. గొప్ప భవనం కోసం ఆగవలసిన పని లేదు. ఒక హార్మోనియం, ఒక జత తబలా, వారమంతా ఖాళీగా ఉండే సండేస్కూలు గది, సాయంకాలం ఒక గంట ఇవ్వగల పెద్ద ఒకరు ఉంటే చాలును.