తాతగారి నాణెముల పెట్టె

రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయపు గాజుబీరువాలో ఉంచిన పాత నాణెములను చూచినవారిలో నూటికి తొంబదిమంది నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: “మాస్టారూ, వీటికి ఎంతొస్తుంది?” ఈ ప్రశ్నను నేను తప్పుపట్టను. అరువది సంవత్సరముల క్రిందట ఈ పెట్టె మా యింట తెరచిన దినమున నేనును ఇదే ప్రశ్న వేసితిని. దానికి సమాధానము వెదకబోయియే నాణెములను చదువ నేర్చితిని. ఆ తొందరలోనే పెట్టెలోని మిక్కిలి విలువగల భాగమును నా చేతులార పాడుచేసితిని. ఆ రెండు సంగతులును ఇచ్చట చెప్పుకొందును.

మా తాతగారు ధాన్యము, మిరపకాయలు కొని అమ్మెడి వర్తకులు. మన యూరు కృష్ణకు దక్షిణపు గట్టున నున్నది. ఈ గట్టున ఇంగ్లీషువారి దొరతనము, ఆ గట్టున నిజాము ప్రభుత్వము. 1948 వరకు ఏటి కిరువైపుల రెండు రాజ్యములు, రెండు నాణెములు. ఇచ్చటి రూపాయిని కలదారు అనియు, అచ్చటి రూపాయిని హాలీసిక్కా అనియు వ్యవహరించెడివారు. నూరు కలదార్లకు నూటపదునారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీ. అనగా ఆరింటికి ఏడు. ఈ లెక్క తాతగారికి వ్రేళ్ళమీద నుండెడిది. పుట్టిదాటి వచ్చిన ప్రతి రూపాయిని నేలమీద మ్రోగించి, చెవియొగ్గి విని, పిమ్మట జాలెలో వేసికొనెడివారు.

వారు పోయిన తరువాత తెరచిన టేకుపెట్టెలో ఒక జాలె నిండ వెండి రూపాయలు, దళసరి రాగి డబ్బులు కొన్ని, చింతగింజంత బంగారు నాణెమొకటి, మూడు గుడ్డమూటలు ఉండెను. మూటలలో సీసపు బిళ్ళలు. ఒకదానికి ఎఱ్ఱనూలు, ఒకదానికి పసుపునూలు, ఒకదానికి నల్లనూలు కట్టబడియుండెను. ఆ నూళ్ళ రంగులకు అర్థముండునని అప్పుడు నాకు తోచలేదు.

“వెండి కరిగించి పిల్లకు పట్టీలు, మొలతాడు చేయించండిరా, పెట్టెలో పెట్టి పూజచేస్తారా!” అని నాయనమ్మ. మా చెల్లెలి పెండ్లి దగ్గరపడియుండెను. నాన్నగారు సగము రూపాయలను పట్టణములో ఒక కంసాలికి తూకమునకు ఇచ్చివేసిరి. రూపాయి యెత్తు ఒక తులము. నూట యెనుబది గ్రెయినులు. అతడు లెక్కపెట్టుకొని మూసలో వేసినాడు. వానిలో ఏమేమి పోయినవో నే నెరుగను. పెండ్లి మాత్రము చక్కగా జరిగినది.

మిగిలిన సగము నా పాలబడినవి. నే నప్పుడు పదునారేండ్లవాడను. నాణెములను శుభ్రముచేసిన విలువ పెరుగునని ఎవరో అనగా విని, మూడు మూటలును విప్పి ఒకే ఇత్తడిపళ్ళెములో గ్రుమ్మరించి, చింతపండు పులుసుతోను బూడిదతోను తోమితిని. ఒక జాముసేపటికి సీసమంతయు తళతళలాడెను. నాయనమ్మ కూడ మెచ్చుకొన్నది.

ఆ తళతళ ఎంతకాలమో నిలువలేదు. సీసము నేలలో నూర్లయేండ్లు పండుకొన్నప్పుడు దానిమీద ముదురు బూడిదవన్నె పొర యొకటి కట్టును. అక్షరముల అంచులను కాపాడునది ఆ పొరయే. పులుపు దానిని తినివేయును. పొర పోయిన సీసమును మరల టేకుపెట్టెలో పెట్టితిని. కొయ్యనుండి వెలువడు పులుపుటావిరి సీసమునకు మహాశత్రువని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. రెండేండ్లకు తెరచి చూడగా నాణెములమీద విభూతివంటి తెల్లని పొడి లేచియుండెను. నేడు గాజుబీరువాలో కొన్ని బిళ్ళలు మశూచికపు మచ్చలతో కనబడుచున్నవి గదా, అది కాలము చేసిన పని కాదు, నేను చేసినది.

నాణెములు చదువుట వెండితో ప్రారంభించితిని, అవి సులభము. 1835లో కంపెనీవారు తమ పాలనలోని భాగములన్నిటికి ఒకే రూపాయి నేర్పరచిరి. అంతకు పూర్వము మన మద్రాసు రాజధానిలో లెక్కలన్నియు వరహాలలో నుండెను: ఎనుబది కాసు లొక రూక, నలుబదిరెండు రూక లొక వరహా. 1818లో నూరు వరహాలకు మూడువందల యేబది రూపాయల వంతున మార్చి రూపాయిని ప్రమాణము చేసిరి. జాలెలో 1835 నాటి విలియము రాజు బొమ్మ ఒకటి, 1840 నాటి విక్టోరియావి కొన్ని, 1862 నాటివి ఎక్కువగా నుండెను. ఇన్ని 1862లే ఏల వచ్చినవని చాలదినములు ఆశ్చర్యపడితిని. ఆ సంవత్సరపు అంకెనే 1874 వరకు మార్చక ముద్రించుచు వచ్చిరని పిమ్మట తెలిసినది. కనుక నాణెముమీది సంవత్సర మెల్లప్పుడు అది పుట్టిన సంవత్సరము కాదు. 1911 నాటి జార్జి రూపాయిమీద రాజుగారి హారమున నున్న ఏనుగు పందివలె కనబడుచున్నదని గొడవ లేచి, 1912లో తొండమును తీర్చిదిద్దిన కథ మీలో పెద్దలు వినియేయుందురు.

హాలీసిక్కాలు నన్ను కొంత ఏడిపించినవి. వానిమీద చార్మినారు బొమ్మ. సంవత్సరములు హిజరీవి, అంకెలు పారసీకములు. ఆ అంకెలలో సున్న ఒక చుక్క మాత్రమే. మన సున్నవలె గుండ్రముగా కనబడునది అయిదు. ఇది తెలియక 1325ను 1320 అని వ్రాసికొంటిని. హిజరీ సంవత్సరమున నూటికి మూడు తీసివేసి మిగిలినదానికి 622 కలిపిన మన సంవత్సరము రమారమి వచ్చును. 1325 అనగా 1907. చార్మినారు వాకిట నున్న చిన్న అక్షరము ‘మీమ్’ అయినచో మహబూబు అలీఖానుది, ‘ఐన్’ అయినచో ఉస్మాను అలీఖానుది. ఏటి కావలి వృద్ధుడొకరు, ఉర్దూబడిలో చదివినవారు, అరుగుమీద కూర్చుండి ఒక్క మధ్యాహ్నములో నాకీ విద్య నేర్పిరి.

ఇక నాణెము ఎంత చక్కగా నిలిచియున్నదో తేల్చుట. దీనికి వర్తకులు వాడు మాటలు ఇంగ్లీషువే: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఫైన్ అనగా బాగున్నదని సంతోషింపరాదు. చాల అరిగినదని యర్థము! 1949లో షెల్డన్ అను అమెరికా దేశీయుడు తమ దేశపు పాత రాగి సెంట్లకై ఒకటినుండి డెబ్బది వరకు మార్కులు వేయు పద్ధతి కల్పించెను. అదియే నేడు లోకమంతట చెల్లుచున్నది. పేర్లెన్ని యున్నను కిటుకు ఒక్కటే. నాణెముమీద ఎత్తైన చోటులే ముందు అరుగును. విక్టోరియా రూపాయిని దీపమునకు ఏటవాలుగా పట్టి, చెవిపైని వెండ్రుకలను, చెక్కిలిని, కిరీటపు మణులను చూడవలెను. వెండ్రుక వెండ్రుకగా విడివడి కనబడినచో అది చేతులు పెద్దగా మారలేదు. ముద్దగా కనబడినచో సంతలు తిరిగినది. మెరుపును చూచి మోసపోరాదు; తోమిన మెరుపు నాణెమంతట ఒకేరీతిగా నుండును, పుట్టుమెరుపు నాణెమును త్రిప్పినకొలది బండిచక్రపు ఆకులవలె తిరుగును. నాణెమును ఎప్పుడును అంచులతో పట్టుకొనవలెను గాని ముఖముమీద వ్రేలు వేయరాదు.

దొంగనాణెములకు తాతగారి చెవియే మంచి పరీక్ష, త్రాసు రెండవది, అంచు మూడవది. పోతపోసిన దానికి అంచున అతుకుగీత, ముఖమున సూదిబెజ్జములవంటి గుంటలు ఉండును. జార్జి రూపాయలలో మంచివెండివి 1939తో ఆగిపోయినవి. 1940 నుండి వెండి సగమే. ఆ 1939 రూపాయి మిక్కిలి అరుదు. అందుచేత అంకె దిద్దిన 1939లు బజారులో విరివిగా దొరకును. నేనును ఒకటి కొంటిని. ఎంత కిచ్చి కొంటినో చెప్పను.

బంగారు నాణెము కృష్ణదేవరాయల వరహా. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండవవైపు నాగరిలిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అను అక్షరములు. మూడున్నర గ్రాములకు కొంచెము తక్కువ. పైయంచున కొక్కెము అతికించి ఊడదీసిన మచ్చ కలదు. మా వంశములో ఏ యమ్మయో మెడలో వేసికొన్నది. ఆ మచ్చ వలన దాని తరగతి పడిపోయినదని వర్తకుడు పెదవి విరిచెను. నాకు మాత్రము ఆ మచ్చయే ముద్దు. అది బీరువాలో లేదేమని అడుగువారికి: అది బాంకులో నున్నది.

రాగిడబ్బులలో 1808 నాటి ఇరువది కాసుల నాణెములు నాలుగు గలవు; కంపెనీవారి డాలును రెండు సింహములు పట్టుకొనియుండును. అవి మద్రాసు రాజధానికై ఇంగ్లండులోని బర్మింగుహామున ముద్రింపబడినవి. అడ్మిరల్ గార్డ్‌నర్ అను ఓడ ఈ నాణెములను లక్షలుగా మోసికొని వచ్చుచు 1809 జనవరిలో ఇంగ్లండు తీరమునందే ఇసుకదిబ్బలపై మునిగెను. 1980 దశకములో గజయీతగాండ్రు వానిని వెలికితీసిరి. ఆ నాణెము లిప్పుడు క్రొత్తవలె మెరయుచు బజారున దొరకును, తరగతి యెక్కువ. మా తాతగారివి బొమ్మ తెలియనంతగా అరిగినవి, తరగతి తక్కువ. అయినను ఆ ఓడలోని వొక్క కాసైనను మన నేలను త్రొక్కలేదు, ఒక గిద్దెడు ఉప్పు కొనలేదు. ఇవి కొన్నవి.

ఇక సీసము. ఉద్యోగములో చేరిన పిమ్మట కొన్నిటిని రుమాలులో కట్టుకొని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళితిని. అచ్చటి అధికారి యొకరు భూతద్దము తీసి, ఒక్కొక్కటి త్రిప్పి చూచి, “శాతవాహనులవి. ఇదుగో ఏనుగు, ఇది మూడు కమానుల కొండ, వెనుక ఉజ్జయిని గుర్తు” అని చెప్పి, ఏ మాత్ర మాలస్యములేక “ఎక్కడ దొరికినవండీ?” అని యడిగిరి. నేను మా యూరి పేరు చెప్పితిని. “ఊరిలో ఎక్కడ? అన్నీ ఒకచోటనేనా?” అనిరి. నాకు మూడు రంగుల నూళ్ళు కన్నులయెదుట కదలాడినవి. మారు పలుకలేకపోతిని.

ఆ ప్రశ్న ఏల యంత ముఖ్యమో వారే వివరించిరి. శాతవాహనుల టంకసాలలో అచ్చు పెద్దది, లోహపుబిళ్ళ చిన్నది. కనుక రాజు పేరు పూర్తిగా ఏ నాణెముమీదను పడదు. ఒకదానిమీద ‘సిరియఞ’ అని, ఇంకొకదానిమీద ‘సాతకణిస’ అని, వేరొకదానిమీద ‘రఞో’ అని ముక్కలుగా పడును. ఇట్టివానిని ప్రక్కప్రక్కన పేర్చినప్పుడే యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు నిండుగా వచ్చును. విడివిడిగా చూచిన వర్తకునికి ఇవి అట్టడుగు తరగతి నాణెములు. ఒకచోట దొరికిన మూటగా చూచిన చరిత్రకారునికి ఇవి ఒక శాసనము. నాసికు ప్రాంతమున జోగల్‌తెంబి యను చోట 1906లో ఒక్క కుండలో పదుమూడువేలకు పైగా వెండి నాణెములు దొరికినవి. అన్నియు నహపానునివి, వానిలో తొమ్మిదివేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మరల కొట్టించినవి. ఆ కుండలోని నాణెములు ఇంటి కొకటిగా చెదరిపోయియున్నచో, శాతకర్ణి నహపానుని జయించి అతని ధనమును తన పేర చెల్లించెనను సంగతికి ఇంత బలమైన సాక్ష్య ముండెడిది కాదు.

ఇంటికి వచ్చి, మా యింట పూర్వము బండి తోలిన వృద్ధుని అడిగితిని. ఆయన చెప్పినది వినగా నా గుండె జారిపోయినది. వేసవిలో పాటిదిబ్బలు త్రవ్వి పాటిమన్ను చేలకు తోలుచున్నప్పుడు బిళ్ళలు దొరికెడివట. తెచ్చి యిచ్చిన పిల్లలకు తాతగారు బెల్లపుముక్క పెట్టి, ఏ దిబ్బవి ఆ దిబ్బగా వేరువేరు మూటలలో కట్టెడివారట. “మూడు దిబ్బలు, మూడు నూళ్ళు బాబూ. పెద్దాయన కలపనిచ్చేవాడు కాదు” అన్నాడు. అక్షరజ్ఞాన మంతంత మాత్రమే గల వర్తకుడు చేసిన పనిని, స్కూలు ఫైనలు చదివిన మనుమడు ఒక జాములో చెరిపివేసినాడు. దొరికిన నాణెములను కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పునని తాతగారు ఎరుగరు. ఇప్పుడు ఎవరికి దొరికినను తప్పక తెలుపవలెను.

నాటినుండి ఈ బిళ్ళలను మరల మూడు కుప్పలుగా విడదీయు ప్రయత్నమే చేయుచున్నాను. 1961లో వెలువడిన మారేమండ రామారావుగారి శాతవాహన నాణెముల పట్టికను ముందుంచుకొని, గుఱ్ఱపు బొమ్మవి, ఏనుగు బొమ్మవి, సింహపు బొమ్మవి వేరుచేసితిని. ఒకే అచ్చున పడిన నాణెములపై ఆ అచ్చునందలి పగులుగీత ఒకేచోట కనబడును. అట్టివి ఒక మూటలోనివే కావచ్చును, కాకపోవచ్చును. పాతగుడ్డలను నాయనమ్మ పారవేయకుండుట నా యదృష్టము. పసుపునూలు గుడ్డ మడతలో తోమని బిళ్ళలు మూడు ఇరుకుకొనియుండెను. వాని గీతలలో నల్లరేగడి గట్టిపడియున్నది. పసుపుమూట వాగుప్రక్క దిబ్బదని బండి తోలిన వృద్ధుడు గట్టిగా చెప్పెను. ఆ దిబ్బలో ఇప్పుడు మిగిలినది లేదు. చదునుచేసి ప్రత్తి వేయుచున్నారు. బీరువాలో ఎడమవైపు పళ్ళెములోని పదునాలుగును వాగుదిబ్బవని చీటీ వ్రాసితిని. అందు మూడు నిశ్చయము, పదునొకండు నా యూహ. చీటీలో నట్లే వ్రాసితిని.

కుడివైపు పళ్ళెములోని ముప్పదియారింటికి చీటీ లేదు. ఎఱ్ఱనూలు మూట ఏ దిబ్బది, నల్లనూలు మూట ఏ దిబ్బది అను సంగతి చెప్పకుండగనే ఆ వృద్ధుడు గతించెను. మన యూరిలో పాటిమన్ను తోలినవారు, తోలగా చూచినవారు, ఆ బెల్లపుముక్క తిన్నవారు ఇంకను కొందరు ఉన్నారు. వారికి జ్ఞాపకమున్నంత వరకు గ్రంథాలయమునకు వచ్చి చెప్పగోరుచున్నాను. సాయంకాలము ఐదు గంటలు మొదలు దీపములు పెట్టువరకు నేనచ్చటనే యుందును; ఖాళీచీటీలు రెండు బీరువా సొరుగులో సిద్ధముగా నున్నవి.