ఉత్తర తెలంగాణ పత్తి, ప్రపంచ వ్యాపారం

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నల్లరేగళ్లలో ప్రధాన వాణిజ్య పంట పత్తి. ఆదిలాబాద్, భైంసా, జమ్మికుంట దీనికి పేరున్న మార్కెట్లు. యార్డులో రైతుకు ఎదురయ్యేది అడ్తిదారు (కమీషన్ ఏజెంటు), ఖరీదుదారు, దడ్వాయి (తూకం వేసేవాడు). లూయీ డ్రైఫస్, కార్గిల్, ఓలం వంటి ప్రపంచ వ్యాపార కంపెనీల పేర్లు అక్కడ వినబడవు. సాధారణంగా వాటి పని జిన్నింగ్ మిల్లులో గింజ వేరై, దూది బేలు కట్టాకే మొదలవుతుంది. సుమారు 5 క్వింటాళ్ల పత్తికి 170 కిలోల బేలు ఒకటి వస్తుంది. గింజ నూనె మిల్లుకు పోతుంది. మిల్లు యజమాని లెక్కలో దాని ధర తక్కువేం కాదు.

పింజ పొడవు, మందం, చెత్త శాతం రాసిన కాగితం మీదే బేరం కుదురుతుంది. బేళ్లు కొన్న కంపెనీ దాదాపు అంతే సరుకు అమ్ముతున్నట్టు న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్లో ఒప్పందం చేసుకుంటుంది. ధర పడితే గిడ్డంగిలో పోయినది ఒప్పందంలో చాలావరకు తిరిగొస్తుంది. ఇక మిగిలే లాభమంతా ఇక్కడి ధరకూ అక్కడి ధరకూ ఉన్న తేడాలో, ఓడ కిరాయిలో, ఏ దేశంలో ఎంత సరుకుందో ముందే తెలియడంలో ఉంటుంది. రైతుకు ఆ అండ లేదు. పత్తి ఇంట్లో పెట్టుకుంటే తూకం తగ్గుతుంది, అప్పు మీద వడ్డీ పెరుగుతుంది.

ఈ వ్యాపారం పాతదే. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వల్ల ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు, ఆదిలాబాద్ పొరుగునున్న బేరార్ పత్తికి గిరాకీ పెరిగింది. 1851లో స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్, మన బొంబాయిలలో మొదలైన వోల్కార్ట్ బ్రదర్స్, గ్రీకు కుటుంబానికి చెందిన రాలీ బ్రదర్స్ భారత పత్తిని ఐరోపాకు చేర్చిన పెద్ద సంస్థలు. రాలీ పత్తి వ్యాపారం చివరకు కార్గిల్‌లో కలిసింది.

ఇటీవలి కాలంలోనూ ధరలు, ప్రభుత్వ నిర్ణయాలు ఒక్కసారిగా మారాయి. 2011 మార్చిలో న్యూయార్క్‌లో పౌను దూది 2 డాలర్లు దాటింది. ఏడాదికే, 2012 మార్చి 5న, కేంద్రం పత్తి ఎగుమతులను నిషేధించి కొద్ది రోజుల్లోనే సడలించింది.

ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధరకు కొనేది 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ (సీసీఐ). తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనదు. మంచు కురిసే రోజుల్లో యార్డులో తగాదా అంతా దీని మీదే. పత్తి తీతకు ముందే, 2025 ఆగస్టు 19 నుంచి, దూది దిగుమతిపై 11 శాతం సుంకాన్ని కేంద్రం ఆ ఏడాది చివరి దాకా ఎత్తేసింది. ఆ 2025–26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. ప్రైవేటు ధర అంతకు దిగువనే ఉండడంతో రైతులు సీసీఐ వైపు మళ్లారు. బ్రెజిల్, అమెరికా బేళ్లను మన మిల్లులకు తెచ్చే వాటిలోనూ లూయీ డ్రైఫస్ వంటి ఆ ప్రపంచ కంపెనీలున్నాయి.