వాల్వ్ యాంప్లిఫయర్: బరువూ, విలువా

వాల్వ్ యాంప్లిఫయర్‌కి లక్షలు పొయ్యడం అవసరమా? మన ఐటీ జనాల్లో పాత పాటల పిచ్చి ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. జవాబు కావాలంటే కాస్త చరిత్రలోకి, అదీ మన వరంగల్ వైపు, వెళ్ళిరావాలి.

1959లో వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ట్రాన్సిస్టర్ పుట్టి 12 ఏళ్ళయింది. అయినా ఇళ్ళల్లో రేడియోలు, పెళ్ళిళ్ళలో మైకుసెట్లు, సినిమాహాళ్ళ యాంప్లిఫయర్లు ఎక్కువగా వాల్వులవే. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చెయ్యడం మొదలెట్టిందే 1961లో. అప్పట్లో అది షోకు వస్తువు కాదు, రోజువారీ సామాను.

ఆనాటి సెట్టు విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. వాల్వు సాకెట్లో గుచ్చి ఉంటుంది. ఏదో ఒకరోజు అది పోతుందని డిజైన్ చేసినవాడికి ముందే తెలుసు మరి! రెసిస్టర్లు, కండెన్సర్లు ట్యాగ్ స్ట్రిప్పుల మీద కంటికి కనిపిస్తూ ఉంటాయి. బజార్లో రేడియో మెకానిక్ ఒక మీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్‌తో బాగుచేసేవాడు. మన భాషలో చెప్పాలంటే మెయింటెయిన్ చెయ్యగలిగిన కోడ్ :)

మరి ఖరీదంతా ఎక్కడుంది? చాలావరకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో. రెండు ఈఎల్84 వాల్వులు పుష్‌పుల్‌లో పనిచెయ్యాలంటే సుమారు 8000 ఓంల లోడు కావాలి. స్పీకరేమో 8 ఓంలు. నిష్పత్తి 1000, కాబట్టి చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, దాదాపు 32. లెక్క తేలికే. కానీ బేస్ బాగా రావాలంటే ఇనుము, చుట్లు ఎక్కువుండాలి. అవి పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు దెబ్బతింటాయి. అందుకని ప్రైమరీ, సెకండరీలను పొరలు పొరలుగా మార్చి మార్చి చుట్టాలి. 1947లో విలియమ్సన్ తన సర్క్యూట్‌ని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అందరికీ ఇచ్చేశాడు. ఓపెన్ సోర్సే అనుకోండి. కాపీ కొట్టేవాళ్ళకి కష్టమైంది ఆయన అడిగిన ట్రాన్స్‌ఫార్మరే.

కాబట్టి కొనేముందు బంగారు పూత చూడకండి. ఎత్తి బరువు చూడండి, కింద ప్లేటు విప్పించి వైరింగ్ చూడండి. రూపాయికి ఎంత కచ్చితమైన ధ్వని అన్నదే లెక్కయితే ట్రాన్సిస్టర్‌దే గెలుపు. వాల్వు కలిపే సెకండ్ హార్మోనిక్ మన చెవికి ఇంపుగా ఉంటుంది, అంతే. అది ఇష్టం, తప్పేం లేదు.

నన్ను బాధపెట్టేది వేరే. ఆ పాత సెట్లు చాలా మటుకు రాగి కోసం తూకానికి పోయాయి. ఇప్పుడు అదే పనితనాన్ని విదేశీ పేరుతో లక్షలిచ్చి కొంటున్నాం. వరంగల్‌లో బోరు మోటార్లకి వైండింగ్ చేసే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. తీగ చుట్టే చెయ్యి మనకుంది. ఆ చేతికి సరైన స్పెసిఫికేషన్ అందించి, పక్కన కూర్చుని కొలతలు తీసే ఇంజనీరే కావాలి. ఇన్నేళ్ళుగా ఇంజనీర్లని తయారుచేస్తున్న ఊరికి అదేమంత పెద్ద పని?