కంట్లో కొత్తగా మెరుపులు, నల్లచుక్కలు వస్తే ఎక్కడ, ఎలా చూపించుకోవాలి?

"ఆంఖాఁ కే సామ్నే మచ్ఛరాఁ ఉడ్‌రే" అని ఇంట్లో నానీయో, ఫుప్పూయో అంటే మనం పెద్దగా పట్టించుకోం. వయసైపోయింది, నీరసం, షుగర్ పెరిగింది, నిద్ర లేదు అని తలా ఒక మాట అంటాం. చాలాసార్లు అది వయసు వల్లే కూడా. కానీ కొందరిలో అదే మాట కంటి లోపలి తెర చిరుగుతోందన్న కబురు. పైకి కనిపించే లక్షణాలు రెండింటికీ ఒకటే కాబట్టి ఇంట్లో కూర్చుని ఏది ఏదో చెప్పలేం. చుక్కల మందు వేసి, కంటిపాపను పెద్దది చేసి, లోపల అంచుల దాకా చూసిన డాక్టర్ ఒక్కరే చెప్పగలరు. తిరుపతి, చిత్తూరు వైపు ఉండేవాళ్లు ఆ పరీక్షకు ఎక్కడికి వెళ్లాలి, ఎంత తొందరగా వెళ్లాలి, అక్కడ ఏం అడగాలి అన్నది ఇక్కడ రాస్తున్నాం.

లోపల జరిగేది ఏమిటి

కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలచటి తెర పేరు రెటీనా. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. అరబ్బీలో, ఉర్దూలో దీన్ని షబకియా అంటారు, వల లాంటిదని అర్థం. రెటీనా అన్న లాటిన్ మాట పుట్టింది కూడా వల అన్న అర్థంలోంచే. ఈ తెరకు, ముందున్న లెన్సుకు మధ్య ఖాళీ అంతా కోడిగుడ్డు తెల్లసొన లాంటి జెల్లీ నిండి ఉంటుంది. అది సుమారు 4 మిల్లీలీటర్లు, అందులో 98 శాతం పైగా నీళ్లే.

వయసు మీద పడేకొద్దీ ఈ జెల్లీ పలచబడి, ముడుచుకుని, తెర నుంచి ఊడి వస్తుంది. ఎక్కువ మందికి 50 దాటాక ఇది జరుగుతుంది. మైనస్ పవర్ అద్దాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు, కంటికి దెబ్బ తగిలినవాళ్లకు ఇంకా ముందే జరగొచ్చు. జెల్లీలోని పోగులు ముద్దకట్టి తెర మీద నీడ వేస్తే మనకు ఈగలు, దోమలు, దారాలు, సాలెగూడు కనిపిస్తాయి. ఊడేటప్పుడు జెల్లీ తెరను లాగితే మెరుపు కనిపిస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు, వెలుగు ఒక్కటే తెలుసు. అందుకే దాన్ని లాగినా, గిల్లినా మెదడుకు వెలుగు అనే చెబుతుంది. ఈ జబ్బులో మోసం అంతా ఇక్కడే ఉంది. పన్ను నొప్పి అయితే రాత్రికి రాత్రే పరిగెత్తుతాం, ఇదేమో నొప్పి లేకుండా వస్తుంది.

జెల్లీ మామూలుగా ఊడిపోతే ప్రమాదం లేదు. కానీ కొత్తగా ఈ లక్షణాలతో వచ్చిన నూరు మందిలో సుమారు 10 నుంచి 15 మందికి జెల్లీ ఊడుతూ ఊడుతూ రెటీనాను ఒకచోట చించేస్తుంది. ఆ చిరుగులోంచి నీళ్లు తెర వెనక్కి వెళితే, గోడకు అంటించిన కాగితం తడిసి ఊడినట్టు తెర మొత్తం ఊడిపోతుంది. అప్పుడు ఒక పక్క నుంచి నల్లటి పరదా దిగినట్టు ఉంటుంది. చిరుగు పడటానికి, తెర ఊడటానికి మధ్య కొన్ని గంటలు ఉండొచ్చు, కొన్ని వారాలు ఉండొచ్చు. అంటే కంటిని సులువుగా కాపాడుకోగల సమయం అదే. "షాదీ అయ్యాక చూద్దాం", "జుమా అయ్యాక వెళ్దాం" అంటూ మన ఇళ్లలో పోగొట్టుకునేది కూడా దాన్నే.

ఎంత తొందరగా?

నల్లచుక్కలు కొత్తగా వచ్చినా, పాతవే హఠాత్తుగా పెరిగినా, మెరుపులు మొదలైనా ఆ రోజే వెళ్లాలి, మరీ కుదరకపోతే మర్నాడు. చుక్కలు వానలా కురిసినా, పొగ కమ్మినట్టు ఉన్నా, పక్క నుంచి నీడ కనిపించినా, చూపు తగ్గినా మర్నాటి మాట వద్దు. ఆదివారమైనా, రాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ఏళ్ల తరబడి అలాగే ఉన్న ఒకటి రెండు చుక్కల గురించి మాత్రం కంగారు పడనక్కర్లేదు, వీలు చూసుకుని ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటుంది. ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి రెండో కంటితో ఎదురుగోడను చూడండి. తర్వాత కన్ను మార్చండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను చెడ్డదాన్ని కప్పిపుచ్చుతుంది, పరదా సగం దిగినా తెలియదు. మైగ్రేన్ తలనొప్పిలో కూడా మెరుపులు వస్తాయి. అవి సాధారణంగా రెండు కళ్లలోనూ వంకరటింకర గీతల్లా మొదలై, మెల్లగా పెరిగి, 20–30 నిమిషాల్లో పోతాయి. రెటీనా మెరుపు ఒక కంటిలోనే, పక్క వైపున, కన్ను తిప్పినప్పుడు చటుక్కున వచ్చి పోతుంది. చీకట్లో బాగా తెలుస్తుంది. ఈ తేడా డాక్టర్‌కు చెప్పడానికి పనికొస్తుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండటానికి కాదు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. వాళ్లలో నల్లచుక్కల వాన అంటే చాలాసార్లు రెటీనా మీద కొత్తగా పెరిగిన బలహీనమైన రక్తనాళాలు చిట్లి, జెల్లీలోకి రక్తం కారడం. ఇదీ అత్యవసరమే. ఏ లక్షణం లేకపోయినా షుగర్ వాళ్లు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. యువకులు కూడా తమకేం కాదని అనుకోవద్దు. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఈల్స్ వ్యాధిలో ఇరవై, ముప్పై ఏళ్ల వయసులోనే ఇలా రక్తం కారుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

అద్దాల షాపుకు కాదు. అక్కడి కంప్యూటర్ మిషన్ మీ పవర్ చెబుతుంది, రెటీనా అంచులో చిరుగుందో లేదో చెప్పదు. ఉచిత కంటి శిబిరాలు ఎక్కువగా శుక్లాల కోసం పెట్టేవి. మెడికల్ షాపులో ఇచ్చే చుక్కల మందు, గులాబ్ జల్, సుర్మా పనిచేసేదంతా కంటి పైభాగం మీదే, తెర దాకా ఏదీ చేరదు. సుర్మా అయితే ఈ రోజుల్లో అసలు పెట్టకండి. చాలా రకాల్లో సీసం ఉంటుంది.

తిరుపతిలో అలిపిరి దగ్గర టీటీడీ భూమిలో 2019లో మొదలైన శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ సంస్థకు చెందినదే ఇదీ. ప్రభుత్వ వైపు అయితే ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది. చిత్తూరులో ఉన్నవాళ్లు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపించుకోవచ్చు. కానీ లేజర్ గానీ రెటీనా ఆపరేషన్ గానీ అవసరమని తేలితే తిరుపతికో వేలూరుకో వెళ్లాలి. చిత్తూరు నుంచి వేలూరు 40 కిలోమీటర్ల లోపే. అక్కడ ఆర్ని రోడ్డులో సీఎంసీ వాళ్ల షెల్ కంటి ఆసుపత్రి ఉంది. దాని చరిత్ర 1902 నుంచి మొదలవుతుంది. మన జిల్లా వాళ్లకు ఆ దారి కొత్తదేమీ కాదు. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి "ఈ రోజు రెటీనా డాక్టర్ ఉన్నారా" అని అడగండి. కంటి డాక్టర్లందరూ రెటీనా ఆపరేషన్ చేయరు.

కౌంటర్ దగ్గర చెప్పే మాట కూడా ముఖ్యమే. మన వైపు "కంట్లో పొర" అంటే శుక్లం అనే అర్థం చేసుకుంటారు, శుక్లాల వరసలో కూర్చోబెడతారు. "నిన్న సాయంత్రం నుంచి కుడి కంట్లో మెరుపులు, నల్లచుక్కలు కొత్తగా వస్తున్నాయి, రెటీనా చూడాలి" అని ఏ కన్నో, ఎప్పటి నుంచో కలిపి చెప్పండి. పరదా దిగుతుంటే ఆ మాట అందరికంటే ముందు చెప్పండి. ఆరోగ్యశ్రీ కార్డు, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లి, ఆ ఆసుపత్రిలో మీకు రాసిన చికిత్స దాని కిందికి వస్తుందా అని ఆరోగ్యమిత్రను అడగండి. డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

పరీక్ష ఎలా ఉంటుంది

చుక్కల మందు వేసి అరగంటకు పైగా కూర్చోబెడతారు. తర్వాత డాక్టర్ తలకు లైటు కట్టుకుని, చేతిలో లెన్సు పట్టుకుని, మిమ్మల్ని పైకి, కిందికి, పక్కలకు చూడమంటారు. ఒక్కోసారి చిన్న పరికరంతో రెప్ప మీద నొక్కి అంచులు చూస్తారు. కాస్త ఇబ్బందే గానీ నిమిషాల పని. రక్తం అడ్డం వచ్చి లోపల కనిపించకపోతే కంటికి స్కానింగ్ తీస్తారు. చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. బండి నడపకండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, తిరుపతి ఎండకు చలువ అద్దాలు పెట్టుకోండి. రోజా ఉన్నప్పుడు కంటి చుక్కలు వేయించుకోవచ్చా అని చాలామంది ఆగిపోతారు. కంట్లో వేసే మందుతో రోజా చెడదనేది హనఫీ ఉలమాల మాట. మనసులో సందేహం ఉంటే ఆసుపత్రికి వెళ్లే దారిలోనే మీ మౌలానా గారికి ఫోన్ చేయండి.

బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అంచుల దాకా చూశారా? చిరుగు ఉందా? మళ్లీ ఎప్పుడు రావాలి? మూడోది చాలామంది మర్చిపోతారు. మొదటిసారి అంతా బాగుందన్నా, తర్వాతి వారాల్లో కొద్దిమందికి కొత్త చిరుగు పడుతుంది. అందుకే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ రమ్మంటారు. ఈలోగా చుక్కలు పెరిగితే ఆ తేదీ దాకా ఆగకూడదు.

చిరుగు ఉంటే

చిరుగు ఒక్కటే ఉండి తెర ఊడకపోతే లేజర్ చాలు. మత్తు చుక్కలు వేసి, కూర్చోబెట్టి, చిరుగు చుట్టూ కంచె కట్టినట్టు కాలుస్తారు. అదే రోజు ఇంటికి రావచ్చు. ఆ అతుకు గట్టిపడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. లేజర్ అయ్యాక కూడా పాత చుక్కలు ఉంటాయి. "డబ్బు పోయింది, చుక్కలు పోలేదు" అని ఇంట్లో తగాదా పెట్టుకోకండి. లేజర్ తెరను కాపాడటానికి, చుక్కలను తుడవడానికి కాదు.

తెర ఊడిపోతే ఆపరేషనే. 1920ల్లో స్విట్జర్లాండ్ డాక్టర్ జూల్ గోనెన్ చిరుగును మూస్తేనే తెర అతుక్కుంటుందని నిరూపించేదాకా తెర ఊడిన కన్ను దాదాపు పోయినట్టే. ఇప్పుడు మొదటి ఆపరేషన్‌తోనే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి తెర అతుక్కుంటుంది. అయితే చూపు ఎంత వస్తుందన్నది రెటీనా నడిమి భాగం ఊడకముందే వచ్చారా లేదా అన్న దాని మీద ఉంటుంది. తలుపుల్లో, మొహాల్లో, అక్షరాల్లో మనం చూసేదంతా ఆ నడిమి భాగంతోనే.

ఆపరేషన్‌లో కొన్నిసార్లు కంట్లో గ్యాస్ నింపుతారు. రకాన్ని బట్టి అది కరగడానికి రెండు మూడు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. అది పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. ఉమ్రా టికెట్ ఉంటే మార్చుకోండి. కొన్ని రోజులు తల ఏ భంగిమలో ఉంచాలో డాక్టర్ చెబుతారు. రుకూ, సజ్దా ఎలా చేస్తారో ఆయనకు చేసి చూపించి అడగండి. వద్దంటే కుర్చీలో కూర్చుని సైగతో నమాజ్ చదివే వెసులుబాటు రోగికి ఉంది.

మన ప్రాంతానికే సంబంధించిన ఇంకో మాట. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ గ్యాస్ ఉబ్బి కంటిలో ఒత్తిడి పెంచుతుంది. తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పలమనేరు వైపు కూడా ఘాట్ ఎక్కాల్సిందే. ఇల్లు ఆ వైపున ఉంటే డిశ్చార్జి రోజున కారు మాట్లాడుకునే ముందే డాక్టర్‌కు ఊరి పేరు చెప్పండి. ఎప్పుడు బయల్దేరాలో, అప్పటిదాకా కింద చుట్టాల ఇంట్లో ఆగాలో ఆయనే చెబుతారు. దారిలో కన్ను నొప్పి పెట్టినా, చూపు మసకబారినా అక్కడి నుంచే వెనక్కి దిగిరండి.