సవర బడి పెట్టిన పంతులుగారు

గుణుపురం సంతకు కొండ దిగి వచ్చే సవరలతో మా తెలుగు బజారుది తరాల నాటి లావాదేవీ. చింతపండు, అడ్డాకులు, పసుపు, కొండచీపుర్లు వాళ్లు తెస్తారు. ఉప్పు, బట్టలు, గిన్నెలు మన కొట్లలో కొనుక్కుని సాయంత్రానికి కొండెక్కుతారు. మా పాత వర్తకులకు సవర మాటలు వచ్చు. అంకెలు, సరుకుల పేర్లు, బేరానికి కావలసిన నాలుగు ముక్కలు, అంతే. ఆ భాషలో అంతకు మించి ఏముందో తెలుసుకోవాలని అనిపించిన తెలుగాయన ఒకరు మా పొరుగున పర్లాకిమిడిలో ఉండేవారు. వర్తకుడు కాదు, బడిపంతులు.

గిడుగు వెంకట రామమూర్తి అనగానే మనవాళ్లకు వాడుక భాష గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. చేసుకోవలసిందే. కానీ ఈ కొండల అంచున బతుకుతున్న నాకు ఆయన ముందుగా సవర పిల్లలకు బడి పెట్టిన పంతులుగారు. వాడుక భాష పోరాటానికి పునాది కూడా ఇక్కడే పడిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. జీతం నెలకు ముప్పై రూపాయలు. ఉద్యోగంలో ఉంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి 1911లో విశ్రాంతి తీసుకున్నారు. మరో పంతులుకైతే ఇంత గౌరవంగా గడిచిపోయిన ఉద్యోగం చాలు. ఆయనకు చాలలేదు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న మన్యంలో సవరలకు చదువు లేదు. చెప్పేవాళ్లకు వాళ్ల మాట రాదు. అందుకని ఆయన ముందు తానే విద్యార్థి అయ్యారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మాటవరసకు నేర్చుకుంటే వచ్చే భాష కాదది. సవర ముండా కుటుంబపు భాష. మన తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. గొంతులో టక్కున ఆగిపోయే అచ్చులుంటాయి, వాటికి మన అక్షరమాలలో గుర్తే లేదు. దేన్ని తిన్నారో, దేన్ని కోశారో ఆ వస్తువు పేరు కుదించుకుని క్రియలోనే దూరిపోతుంది. మనం రెండు మూడు మాటల్లో చెప్పేది వాళ్లకు ఒకే మాట. సంతలో సవర ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి వినండి, ఒక్క మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

భాష పట్టుబడ్డాక వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ల జీతాలు తన చేతినుంచే ఇచ్చారు. పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇవ్వబోతే వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టించండి అని అడిగారు.

ఇందుకు ఆయన ఒళ్లు కూడా ఖర్చయింది. ఆ రోజుల్లో మన్యం అంటే చలిజ్వరం. దారి సరిగా లేని కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. చెవితో పట్టుకుని ఒక భాషకు వ్యాకరణం కట్టిన మనిషికి ఆ చెవులే పోయాయి. ఈ సంగతి చెప్పకుండా ఆయన గొప్పతనం గురించి ఎంత మాట్లాడినా తక్కువే.

1907లో యేట్సు దొర ఉత్తర సర్కారులకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగు పిల్లలకు చెప్పే తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగుకు ఇంత దూరంగా ఎందుకుందని అడిగాడు. చాలామంది పండితులకు అది తెలివితక్కువ ప్రశ్న. రామమూర్తి పంతులుకు మాత్రం అప్పటికే జవాబు తెలుసు. సవర పిల్లాడు తన మాటలో చెబితే ఎంత తొందరగా అందుకుంటాడో చూసి ఉన్నారు కదా. గ్రాంథిక వాదులతో ఆ తర్వాత చేసిన యుద్ధమంతా ఆ అనుభవం బలంతోనే చేశారని నా అభిప్రాయం.

1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వచ్చింది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న రాజావారి చిన్న రైలు గుణుపురం చేరింది కూడా ఆ ఏడాదే. మా ఊరివాళ్లు రైలు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పుస్తకం సంగతి చెప్పేవారు తక్కువ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. విశాఖ ఏజెన్సీలో ఉన్న మా గుణుపురం, రాయగడ కొరాపుట్ జిల్లాలోకి వచ్చాయి. రాయగడ వేరే జిల్లా అయింది 1992లో. పర్లాకిమిడి ఒడిశాలో కలవడం ఇష్టంలేక పంతులుగారు యాభై ఏళ్లు పైబడి ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన ఊరు వదిలిన ఏడాదే మా గుణుపురం ప్రాంతంలో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి తయారు చేశాడు. పేరు సొరంగ్ సొంపెంగ్. అక్షరాలు 24, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. ఆ లిపికి పూజలు చేస్తారు. అంటే సవరలు తెలుగు, ఒడియా, రోమను అక్షరాలు అరువు తెచ్చుకుంటే చాలదనుకున్నారు. పంతులుగారు తెలుగు లిపిలో వాచకాలు రాశారని దీన్ని ఆయన ఓటమిగా చూడకూడదు. తన మాటకు తన చదువు కావాలని ఒక జాతి తానే అడగడం కంటే ఆ పంతులు కోరుకునేది ఏముంటుంది?

ప్రభుత్వాలు ఆ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. మాతృభాషలో గిరిజన పిల్లలకు చదువు చెప్పే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ 2004లో, ఒడిశా ఆ తర్వాత రెండేళ్లకు మొదలుపెట్టాయి. రెండింటిలోనూ సవర ఉంది. సీతంపేట వైపు పిల్లలకు తెలుగు లిపిలో, మా పుట్టాసింగి వైపు పిల్లలకు ఒడియా లిపిలో పుస్తకాలు వేశారు. అటూ ఇటూ చుట్టరికాలున్న కుటుంబాలే. సరిహద్దుకు ఆవలి బావ పుస్తకం ఇవతలి మరదలు చదవలేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒకచోట కూర్చుంటే సొరంగ్ సొంపెంగ్‌లో ఒక వాచకం తేవడం కష్టమేమీ కాదు.